అరవై దాటలేదని ప్రమాణం

మీ బండి ఎంత వేగంతో పోతున్నదో మీకు ఎవరు చెప్పారు?

మీటరు చెప్పింది అంటారు. సరే, ఆ మీటరు చెప్పేది నిజమో కాదో ఒక్కసారైనా సరిచూశారా? ముల్లు ఒక అంకె మీద నిలబడగానే అది సత్యమైపోతుందా? కొత్తగా తాళం చేతికొచ్చిన కుర్రవాళ్ళు పెళ్ళి భోజనాల దగ్గర, బస్‌స్టాండులో నన్ను పట్టుకొని ఒకటే అడుగుతుంటారు. "ఇన్నేండ్లు బండ్ల ఆఫీసులో చేసినారు గదా సార్, స్పోర్ట్స్ కారును మన రోడ్ల మీద ఎంత గట్టిగా తోలచ్చు?" నేను ఒక అంకె చెబితే దాన్ని పట్టుకొని పోదామని వాళ్ళ ఆశ. నేను అంకె చెప్పను. ఎందుకు చెప్పనో అందరికీ ఒకేసారి తెలియడానికి ఇది రాస్తున్నాను.

డెబ్బైలు ముగిసి ఎనభైలు మొదలవుతున్న రోజులు. నేను చిత్తూరులో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరును. జనం నోట్లో మేము బ్రేక్ ఇన్‌స్పెక్టర్లం. బండి ఎక్కడ బోల్తాపడినా పోలీసుల తర్వాత మేము పోవాలి. బ్రేకు పట్టిందా, స్టీరింగు తిరిగిందా చూసి, తప్పు యంత్రానిదా మనిషిదా అని రాసివ్వాలి. డ్రైవరు లైసెన్సు ఉండడం, పోవడం ఆ రాత మీద తేలేది.

మా హెడ్ క్లర్కు తిరుపతివాడు. తరాలుగా గుడి కైంకర్యంలో ఉన్న వైష్ణవ కుటుంబం. నామం పెట్టుకోకుండా ఆఫీసుకు వచ్చిన రోజు లేదు. నేనేమో గుడి ముందర బస్సు చెడిపోయి ఆగినా లోపలికి పోని మనిషిని. టీ గ్లాసు చేతికి రాగానే మాకు వాదన మొదలయ్యేది. వయసులో ఆయన పెద్ద, ఉద్యోగంలో నేను పెద్ద. అందువల్ల ఆయన నన్ను "సార్" అంటూనే తిట్టేవాడు.

ఆ కాలంలో మా వైపు స్పోర్ట్స్ కారు అనదగినది నేను చూసింది ఒక్కటే. చిత్తూరులో బెల్లం మండీ నడిపే ఒక ఇంటి చిన్న కొడుకు దాన్ని మద్రాసులో కొన్నాడు. ఎవరో దొర వదిలిపోయిన బండి, నాలుగు చేతులు మారింది. ఎర్ర రంగు, రెండే సీట్లు, గుడ్డ పైకప్పు. దానిలో కూర్చుంటే నడుము నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది, కాళ్ళు పడుకున్నట్టు ముందుకు చాపుకోవాలి. అది వీధిలో పోతుంటే బెల్లం బుట్టలు దించే కూలీలు కూడా పని ఆపి చూసేవాళ్ళు.

బండి వచ్చిన మరునాడే తల్లి దాన్ని తిరుమలకు తీసుకుపోయింది. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్టు మీద పసుపు, హారతి. అందరూ చేయించేదే. ఆమె ఇంకొక పని కూడా చేసింది. కొడుకు చేతిని తన తలమీద పెట్టుకొని, "అరవై దాటనని చెప్పు నాయనా" అని మాట తీసుకుంది. వాళ్ళింటి అంబాసిడరు అరవైలో పోతే ఆమెకు భయం వేయదు. ఆమె కొలత అది. కొడుకు మాట ఇచ్చాడు.

అతను మాట తప్పే మనిషి కాదు. ఇది ముందే చెప్పాలి. అంత బండి చేతిలో ఉండి, ఖాళీ రోడ్డు ముందుంటే, ముల్లు అరవైకి రాగానే కాలు వెనక్కు తీసేవాడు. పక్కన కూర్చున్న స్నేహితులు, "ఏమప్పా, అరవైకే ఇట్ల ఎగిరిపోతా ఉండామే" అని ఆశ్చర్యపోతే, "నేలను తాకేటట్టు కూర్చుంటే అట్లనే అనిపిస్తాది. అంబాసిడరులో అయితే మంచంమీద కూర్చున్నట్టు కూర్చుంటాం గదా" అని విడమరిచి చెప్పేవాడు. కింద కూర్చుంటే వేగం ఎక్కువగా అనిపించడం నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకొని ఇంకొక నిజాన్ని అతను చూడలేదు.

మామిడికాయల కాలం, మధ్యాహ్నం. కార్వేటినగరం వైపు నుంచి వచ్చే దోవ పుత్తూరు రోడ్డును తాకేచోట ఒక ప్రైవేటు బస్సు అవతలి పక్కకు దాటుతోంది. కుడివైపు రోడ్డు తిన్నగా ఉంటుంది, చాలా దూరాన రోడ్డు కింద నీళ్ళు పోయే ఒక మోరీ కనిపిస్తుంది. మోరీ దగ్గర ఎర్ర కారు. బస్సు డ్రైవరు కారును చూశాడు, దూరం అంచనా వేశాడు, బండి ముందుకు పోనిచ్చాడు. సగం దాటేసరికి కారు మీదికి వచ్చేసింది. అతను స్టీరింగు ఒక్కసారిగా ఎడమకు తిప్పి బస్సును గుంతలోకి దించాడు. కారు బస్సు వెనక మూలను రాసుకొని పోయి ఆగింది. బస్సు ఒక పక్కకు ఒరిగింది.

ప్రాణాలు పోలేదు. తమలపాకుల గంపతో ఎక్కిన ఒకామెకు కుడిచెయ్యి మోచేతి దగ్గర విరిగింది, అది మళ్ళీ పూర్తిగా చాపడానికి రాలేదు. "ప్రాణనష్టం లేదు" అని మా కాగితాల్లో రాసే మాట వెనక అటువంటి చేతులు ఎన్ని ఉంటాయో ఎవరూ అడగరు.

బస్సు డ్రైవరు నలభై దాటిన మనిషి. ఒరిగిన బస్సు పక్కనే నిలబడి నాకు జవాబు చెప్పాడు.

"కారును చూసినావా?"

"చూసినాను సార్. మోరీ కాడ ఉండాది."

"చూసి కూడా ఎందుకు దాటినావు?"

"శానా దూరం సార్ అది. లారీ గానీ కారు గానీ ఆడ ఉంటే నేను నిదానంగా దాటుకొని పోతా. ఏండ్ల తరబడి ఈ రూట్లో ఇదే పని. ఈ పొద్దు మటుకు రెప్ప కొట్టేలోపల ఆ ఎర్రది బస్సు పక్కన ఉండాది."

మండీ ఇంటి అబ్బాయిని అడిగితే, "అరవైలో వస్తా ఉన్నాను సార్. ముల్లు చూస్తానే ఉన్నాను. అరవై దాటలేదు, మా అమ్మ మీద ఒట్టు" అన్నాడు.

కారు అరవైలో వస్తే బస్సు దాటడానికి సమయం ఉంది. బస్సు దాటలేకపోయింది. అంటే ఇద్దరిలో ఒకరు అబద్ధం ఆడుతున్నారని అందరూ అనుకున్నారు, నేను కూడా. టైర్లు ఈడ్చిన గుర్తులు కొలుద్దామంటే నేను చేరేలోపలే వాన కొట్టి పోయాయి. నా సహాయకుడు కారు బ్రేకు, స్టీరింగు, దీపాలు, హారను అన్నీ చూసి సరిగ్గా ఉన్నాయన్నాడు. మడ్‌గార్డు కొంచెం నలిగింది, అంతే. వేగంగా వచ్చిన కారుకు అంత చిన్న దెబ్బా అని జనం దాన్ని కూడా సాక్ష్యం చేసుకున్నారు.

ఇక్కడ మన జిల్లా పద్ధతి ఒకటి అడుగుపెట్టింది. కోర్టు కన్నా, పోలీసు కన్నా మనవాళ్ళు నమ్మే చోటు ఒకటుంది. ప్రమాణాల గుడి. కోనేట్లో మునిగి, తడిబట్టలతో వచ్చి, వెలిగే కర్పూరం ముందర నిలబడి చెప్పాలి. అబద్ధం చెబితే దేవుడు చూసుకుంటాడు. బస్సు యజమాని, మండీవాళ్ళు, ఊరి పెద్దలు కూర్చొని ఆ అబ్బాయి ప్రమాణం చేస్తే గొడవ తేలిపోతుందన్నారు. అతను వెనకాడలేదు. మునిగి లేచి వచ్చి, "నేను అరవై దాటలేదు" అని గట్టిగా చెప్పాడు. బస్సు డ్రైవరు అక్కడే స్తంభం పక్కన నిలబడి చూశాడు.

మరునాడు హెడ్ క్లర్కు నివేదిక టైపు చేయించి నా టేబుల్ మీద పెట్టాడు. బస్సు డ్రైవరు అజాగ్రత్త, లైసెన్సు రద్దుకు సిఫారసు. నా సంతకం ఒక్కటే తక్కువ.

"ఇంకేం కావాలి సార్ మీకు? ఆ గుడిలో అబద్ధం చెప్పి బాగుపడినవాణ్ణి నేను చూడలేదు."

"నిజం చెప్పి బాగుపడినవాణ్ణి చూశారా?"

"మీతో వచ్చిన చిక్కే ఇది. దేవుణ్ణి కూడా బోనులో నిలబెడతారు."

"బోనులో నిలబడనివాడి సాక్ష్యం నాకు పనికిరాదు స్వామీ."

నేను సంతకం పెట్టలేదు. పెట్టకపోవడానికి నా దగ్గర వాదన ఉంది గాని ఆధారం లేదు. చదువుకునే రోజుల నుంచి హేతువాద సభల్లో నేర్చుకున్న వాదన నోటిని మూయించగలదు, మోరీకీ కూడలికీ మధ్య ఏం జరిగిందో చెప్పలేదు.

మూడు నాలుగు రోజులకు బస్సు డ్రైవరే ఆఫీసుకు వచ్చాడు. భార్య చెయ్యి పట్టుకొని మెట్లు ఎక్కించింది. లైసెన్సు తీసి టేబుల్ మీద పెట్టాడు.

"తీసుకోండి సార్. ఇంక నేను బండెక్కను."

"ఎందుకు? ఇంకా ఏమీ తేలలేదు గదా."

"తేలిపోయినాది సార్. నేను అబద్ధం చెప్పలేదు. ఆ అబ్బాయీ చెప్పలేదు. గుడిలో దగ్గరుండి చూసినాను గదా, వణుకు లేదు, తడబాటు లేదు. అట్లయితే ఇంకేముండాది? నా కండ్లే పోయినాయి. దగ్గరుండేది దూరంగా కనిపించినాది. రేపు బస్సు నిండా జనాన్ని పెట్టుకొని ఏ లారీ కింద పెడతానో."

భార్య గొంతు తగ్గించి, "ఇంట్లో గోడ పట్టుకొని నడుస్తా ఉండాడు సార్. గుడికి పొయ్యేదాకా బాగుండిన మనిషి" అంది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేని కోపం. ఒక నిజాయతీపరుడు తడిబట్టలతో ఒక మాట చెప్పాడు, ఇంకొక నిజాయతీపరుడికి చూపు పోయింది. ఇద్దరూ మంచివాళ్ళే కావడం వల్ల ఇంత చెడు జరుగుతోంది.

"రా నాతో" అని అతన్ని రోడ్డు మీదికి తీసుకుపోయాను. వీధి చివర ఒక లారీ మా వైపు తిరుగుతోంది. "దాని నంబరు చదువు" అన్నాను. కళ్ళు చిట్లించకుండా చదివాడు. తమిళనాడు బండి.

"అది ఈడికి వచ్చేలోపల నువ్వు రోడ్డు దాటగలవా?"

"రెండుసార్లు దాటతా సార్."

"దాటు."

పోయి, తిరిగి వచ్చి నా పక్కన నిలబడిన తర్వాత లారీ మా ముందు నుంచి పోయింది. హెడ్ క్లర్కు వాకిట్లో నిలబడి చూస్తున్నాడు. ఆయన కూడా లోపల లెక్క వేసుకుంటున్నట్టు నాకు అనిపించింది. ఈ మనిషి కళ్ళలో తప్పులేదు. ఆ మనిషి నోట్లో తప్పులేదు. మరి ఆ ముల్లు ఒక్కటే ఎవరూ ప్రశ్నించనిది. నా సహాయకుడు బ్రేకు చూశాడు, హారను కూడా మోగించి చూశాడు. అద్దం వెనక అంకెలు పెట్టుకొని కూర్చున్న మీటరును ఎవరూ ఏమీ అడగలేదు. దానికి కూడా మేము దణ్ణం పెట్టాం, నాతో సహా.

రెండోరోజు పొద్దున్నే కారును ఊరి బయట తిన్నటి రోడ్డు మీదికి తెప్పించాను. హెడ్ క్లర్కు చేతి గడియారంతో వచ్చాడు. దానికి రోజూ పూజ తర్వాత కీ ఇచ్చేవాడు, ఆఫీసులో దాని మాటే చట్టం. లెక్క చాలా చిన్నది. గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంలో పోతే ఒక కిలోమీటరు రాయి నుంచి రెండో రాయికి రెండు నిమిషాలు పట్టాలి.

"ముప్పైలో ఎందుకు సార్, అరవైలోనే చూపిస్తాను" అన్నాడు అబ్బాయి.

"వద్దు. అబద్ధం చెప్పే మీటరయితే ముప్పైలో కూడా చెబుతుంది. ఇది జనం నడిచే రోడ్డు."

అబ్బాయి తోలాడు, హెడ్ క్లర్కు పక్కన కూర్చొని గడియారం పట్టుకున్నాడు. నేను రెండో రాయి దగ్గర నిలబడ్డాను. బండి ఆగగానే ఆయన గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకొని విన్నాడు.

"నిమిషం పావుకే రాయి వచ్చేసింది సార్. ఇది ఆగి నడిచిందేమో."

"రోజూ ఆ గడియారం చూసే గదా నేను ఆలస్యంగా వచ్చానని చెబుతారు."

"అది వేరు" అన్నాడు ఆయన.

రెండోసారి నేను తోలాను, గడియారం అబ్బాయి చేతిలో పెట్టాను. ఆ బండి గురించి ఒక మాట చెప్పాలి. ముప్పైలో అది నడవదు, గొలుసు లాగే కుక్కలాగా ఉంటుంది. కాలు కొంచెం కదిలిస్తే చాలు, వీపును సీటుకు అదుముతుంది. హాయిగా ఉంటుంది. అబద్ధం ఎందుకు, ఆ కొంచెం దూరంలోనే నా కాలికి కూడా బుద్ధి చెప్పాల్సి వచ్చింది. ఆ అబ్బాయి ఇన్నాళ్ళు దాన్ని అరవై దగ్గర పట్టి ఆపాడంటే మెచ్చుకోవాల్సిన నిగ్రహమే. అందుకే నాకు ఇంకా భయం వేసింది.

రాయి రాగానే అతను "నిమిషం పావు" అన్నాడు. ఈసారి గడియారాన్ని ఎవరూ చెవి దగ్గర పెట్టుకోలేదు.

ముగ్గురం మీటరు మీదికి వంగాం. అంకెలు నూట ఇరవై దాకా ఉన్నాయి, వాళ్ళ అంబాసిడరులో ఉన్నట్టే. అద్దం కింది భాగంలో రూపాయి బిళ్ళంత గంధం బొట్టు, దాని మీద కుంకుమ, ఎండి గట్టిపడి ఉంది.

"ఇది ఎప్పటిది?"

"కొండమీద పూజ రోజుది సార్. అమ్మ పెట్టినాది. తుడవకూడదని అట్లనే ఉంచినాను."

నేను చేయి చాపాను. హెడ్ క్లర్కు నా మణికట్టు పట్టుకున్నాడు.

"మీరొద్దు సార్. మీరు తుడిస్తే అది వాదన అవుతుంది. నేను తుడుస్తాను."

ఉత్తరీయం కొస తడిపి, ఒకసారి కళ్ళకద్దుకొని, మెల్లగా తుడిచాడు. గంధం కరిగింది. అద్దం కింద చిన్న ఇంగ్లీషు అక్షరాలు మూడు కనిపించాయి. గంటకు ఇన్ని మైళ్ళు అని చెప్పే అక్షరాలు. దొర దేశపు బండి, దొర దేశపు లెక్క. మన రాళ్ళు కిలోమీటర్లకు మారి చాలాకాలమైంది, ఆ ముల్లుకు ఎవరూ చెప్పలేదు. అరవై మైళ్ళంటే మన లెక్కలో నూరుకు కొంచెమే తక్కువ.

అబ్బాయి పోయి కిలోమీటరు రాయి మీద కూర్చున్నాడు.

"అయితే అమ్మకిచ్చిన మాట..." అని ఆగాడు. కాసేపటికి, "గుడిలో..." అని మళ్ళీ ఆగాడు. తర్వాత లేచి, "సార్, ఆ డ్రైవరు యాడుంటాడు?" అని అడిగాడు.

బొట్టు బస్సును గుద్దిందని నేను చెప్పడం లేదు. అట్లా చెబితే అది ఇంకొక మూఢనమ్మకం. అది లేని బండ్లలో కూడా మూడు చిన్న అక్షరాలను ఎవరు చదువుతారు? ఆ అబ్బాయి తప్పు వేరే ఉంది. స్నేహితులు ఎగిరిపోతున్నామన్నారు. రాళ్ళు పక్కనుంచి పరుగెత్తాయి. బస్సు దాటలేకపోయింది. ఇంతమంది సాక్షులు చెప్పినా వినకుండా, ముల్లు ఒక్కదాన్నే నమ్మి, మిగిలినవాళ్ళందరికీ సంజాయిషీ చెప్పాడు. చదువుకున్నవాడు కాబట్టి బాగా చెప్పాడు.

ఆ సాయంత్రమే ఇద్దరినీ ఆఫీసులో ఎదురెదురుగా కూర్చోబెట్టి జరిగింది చెప్పాను. మైళ్ళు, కిలోమీటర్లు అంతా విన్న తర్వాత బస్సు డ్రైవరు లైసెన్సు సంగతి అడగలేదు.

"అట్లయితే నా కండ్లు బాగుండాయా సార్?"

"బాగున్నాయి."

అతను భార్య వైపు తిరిగి నవ్వాడు. ఆమె, "ఇంక గోడ వదులు" అంది. పోయేటప్పుడు మెట్లు తనే దిగాడు.

పాత నివేదిక చించి కొత్తది రాశాను. అతను మళ్ళీ ఆ రూట్లోనే బస్సు తోలాడు. మండీ అబ్బాయి తమలపాకుల ఆమె ఇంటికి కూడా పోయాడని తెలిసింది. ఆమె ఏమన్నదో ఎవరికీ చెప్పలేదు.

హెడ్ క్లర్కు మాత్రం ఓడిపోలేదు. మరునాడు టీ దగ్గర, "చూసినారా సార్, ప్రమాణం అబద్ధం కాలేదు" అన్నాడు.

"కాలేదు. అబద్ధమయితే ఇంత భయం లేదు స్వామీ. అబద్ధం ఆడేవాడికి నిజమేమిటో తెలిసి ఉంటుంది. ఎక్కడో ఒకచోట దొరుకుతాడు. నిజమని నమ్మి చెప్పేవాణ్ణి ఏ దేవుడు పట్టుకోవాలి?"

ఆయన గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆలోచించాడు. "దీనికి రేపు జవాబు చెబుతాను" అన్నాడు. రిటైరయ్యేదాకా ఆ రేపు రాలేదు. అయితే ఆ తర్వాత మా ఆఫీసుకు ఏ బండి వచ్చినా ముందు ఆయనే లేచిపోయి మీటరు అద్దం తుడిచి చూసేవాడు. దానికి నేను ఆయనను ఎప్పుడూ ఎగతాళి చేయలేదు.

మండీ అబ్బాయి కారు అమ్మలేదు. కొన్నాళ్ళకు వచ్చి నన్ను అడిగాడు.

"ఇప్పుడు చెప్పండి సార్. దీన్ని ఎంత గట్టిగా తోలచ్చు?"

"మోరీ కాడ నిన్ను చూసినవాడు నువ్వు ఎంతలో వస్తున్నావని అనుకుంటాడో, అంత."

అప్పుడు చెప్పిన ఆ జవాబును ఇప్పటికీ మార్చుకోలేదు. బండి మీది కావచ్చు, వేగం మీది కాదు. రోడ్డు దాటే ముసలామె, ఎద్దుల బండివాడు, బస్సు డ్రైవరు మిమ్మల్ని ఒక్క చూపు చూసి ఒక అంచనా వేస్తారు. ఆ దోవలో రోజూ పోయే బండ్లను చూసి నేర్చుకున్న అంచనా అది. వాళ్ళు ప్రాణం పెట్టేది దాని మీదనే. మీ బండికి ఎంత శక్తి ఉందో వాళ్ళకు తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. వాళ్ళ అంచనాను దాటి మీరు వస్తే, మీ బ్రేకులు ఎంత గొప్పవైనా, మీ చెయ్యి ఎంత తిరిగినదైనా, మీరు వాళ్ళ కళ్ళను అబద్ధం చేస్తున్నారు. ఒక మనిషి గోడ పట్టుకొని నడవడం నేను చూశాను.

కాబట్టి ఈ పుస్తకం మూసి బయటికి పదండి. మీ బండి మీటరు అద్దం తుడవండి. గడియారం పక్కవాడి చేతికిచ్చి రెండు కిలోమీటరు రాళ్ళ మధ్య నిదానంగా పోయి, ముల్లు మాటను సరిచూడండి. తర్వాత బండి దిగి, మీరు రోజూ దూసుకుపోయే ఏదో ఒక కూడలిలో నిలబడి, దూరంగా ఒక బండి కనిపించినప్పుడు ఆ రోడ్డును కాలినడకన దాటండి. అవతలి పక్కకు చేరిన తర్వాత, మీరు ఎంత గట్టిగా తోలచ్చో మీరే చెప్పండి.